కెమెరాగారి గృహప్రవేశం

గంధవరం మునిసిపాలిటీకి ఏటా వానలకి ముందు రెండు తప్పకుండా వస్తాయి. ఒకటి ఉక్కపోత. రెండోది పైఆఫీసు నుంచి సర్క్యులర్. ఉక్కపోతకైతే విసనకర్ర ఉంది. సర్క్యులర్‌కి ఇంతవరకూ ఎవరూ ఏమీ కనిపెట్టలేదు.

ఆ ఏడు వచ్చిన సర్క్యులర్ పేరు ‘ఆరుబయట ఆనంద కుటుంబం’. పైనున్న పెద్దాయనెవరో వేసవి సెలవుల్లో పెళ్ళాంపిల్లలతో కొండలెక్కి, కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీసి, వాటిని చూసుకుని తెగ ముచ్చటపడిపోయారట. ఆ ముచ్చట ఒంట్లోంచి దిగకముందే ఇళ్ళ ఫైలు ఒకటి ఆయన ముందుకొచ్చిందట. ఇంకేముంది, సంతకం పెట్టేశారు.

“ప్రభుత్వ సహాయంతో ఇల్లు పూర్తిచేసుకున్న ప్రతి లబ్ధిదారు కుటుంబమును సదరు ఇంటి ఎదుట, ఆరుబయట, సహజమైన వెలుతురునందు, సంపూర్ణ ఆనందముతో నిలబెట్టి, కార్యాలయపు డిజిటల్ కెమెరాతో ఛాయాచిత్రము తీయవలెను. సదరు చిత్రము ఆమోదింపబడిన పిదప మాత్రమే తాళములు అప్పగించవలెను. ఫోను ఫోనే గనుక కెమెరాగా పరిగణింపబడదు.”

హౌసింగ్ సెక్షన్ సీనియర్ అసిస్టెంట్ దమయంతి ఆ కాగితం చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. తుడిచినా అదే ఉంది. “సంపూర్ణ ఆనందమట! సగం ఆనందమైతే తాళం సగమే తిరుగుతుందా?” అని లోపల అనుకుంది గాని పైకి అనలేదు. పైకి అనకుండా ఉండటం వల్లే ఆవిడ ఇన్నేళ్ళు ఆ కుర్చీలో ఉంది.

సరిగ్గా అప్పుడే కౌంటరు దగ్గరకి నూకరత్నం వచ్చింది. సినిమాహాలు సెంటర్లో పునుగుల బండి ఆవిడది. మొగుడు లోవరాజు తాపీమేస్త్రీ. కాలనీలో తమ తాటాకిల్లు విప్పేసి, అదే స్థలంలో ప్రభుత్వ పథకం కింద చిన్న డాబా కట్టుకున్నారు. లోవరాజు ఊరందరి గోడలూ కట్టిన చేత్తోనే, మొదటిసారి తన గోడ తాను కట్టుకున్నాడు. ఇల్లు పూర్తయింది. పూర్తవగానే రూలు ప్రకారం మునిసిపాలిటీ వాళ్ళొచ్చి దానికి తాళం వేసి, తాళాలు పట్టుకుపోయారు. అప్పట్నుంచి ఆ దంపతులూ, ఇద్దరు ఆడపిల్లలూ, లోవరాజు తల్లి సోలమ్మా సొంత ఇంటి పక్కన టార్పాలిన్ బరకం కట్టుకుని, దాని కింద కాపరం చేస్తున్నారు. సోలమ్మకి ఆయాసం. తేమ తగిలితే చాలు, ఊపిరి పిల్లికూతలు పెడుతుంది.

“దమయంతమ్మగారూ, తాళాలు ఈయాళ ఇచ్చేత్తారాండీ?” అంది నూకరత్నం. “పడమట మబ్బు కడతందండి. బరకం నాకూ మా ఆయనకీ అయితే ఏదోలా సరిపెట్టుకుందుమండి. ముసల్దానితోనే భయమండి.”

“ఒక్క ఫోటో తియ్యాలి నూకరత్నం. తియ్యగానే ఇచ్చేస్తాం.”

“ఫోటోయే కదండీ! ఇదిగోనండి, మా పెద్దదాని ఫోన్‌లో దిగి తెచ్చేత్తాం.”

“ఫోను పనికిరాదట. ఆఫీసు కెమెరాతో తియ్యాలి.”

“మరి తీసెయ్యండి.”

“ఆఫీసుకి కెమెరా లేదు. కొనాలి.”

నూకరత్నం ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. “కొనండి మరి. మిరపకాయలు కొన్నట్టే కదండీ, చూసి, బేరమాడి, తెచ్చుకోటమే.”

కౌంటరు ముందున్న జనమంతా నవ్వారు. దమయంతికి చచ్చేంత చిన్నతనమైంది. ఆ ఊపులో, ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ చెయ్యకూడని పని ఒకటి చేసేసింది. మాటిచ్చింది. “వానలు పడేలోపు తాళాలు ఇప్పిస్తాను. నాదీ పూచీ. వెళ్ళిరా” అంది, అందరూ వింటూ ఉండగా.

*

కమిషనర్ త్రివిక్రమరావుగారు మిరపకాయలు కొన్నట్టు కెమెరా కొనే మనిషి కాదు. ఆయన మొదట ‘కెమెరా ఎంపిక సంఘం’ వేశారు. సంఘానికి అధ్యక్షులు తామే. సాంకేతిక సభ్యులు ఇంజనీరు జోగారావుగారు. ఆర్థిక సభ్యులు అకౌంట్స్ ఆఫీసరు పద్మనాభంగారు. చర్చలు రాసుకోవడానికి దమయంతి. ఫోటోలు తియ్యడం వచ్చిన మనిషిని ఒకరిని పిలుద్దామని దమయంతి అంటే, “అతనికి ముందే అభిప్రాయాలు ఉంటాయి. నిష్పాక్షికత దెబ్బతింటుంది” అన్నారు కమిషనర్‌గారు.

పక్క పట్నం నుంచి కొట్టాయన సంచీనిండా కెమెరాలు తెచ్చి బల్లమీద పరిచాడు. ఒకటి చేతికి తీసుకుని, “ఇది ఇరవైనాలుగు మెగాపిక్సెళ్ళండి” అన్నాడు.

“అంటే?” అన్నారు పద్మనాభంగారు.

“బొమ్మ సన్నసన్న చుక్కలుగా పడుతుందండి. ఎన్ని చుక్కలుంటే అంత పెద్ద ఫోటో వేయించుకోవచ్చు.”

పద్మనాభంగారు కాలిక్యులేటర్ దగ్గరకి లాక్కున్నారు. “కుటుంబానికి ఐదుగురు అనుకుందాం. అంటే మనిషికి దగ్గరదగ్గర ఐదు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్న మనిషి మొహానికి అన్ని చుక్కలు దేనికండీ? రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే నేనేం చెప్పను? మనిషికి రెండు చాలు. ఐదేళ్ళలోపు పిల్లలకి ఒకటి. చంటిపిల్లలకి అసలక్కర్లేదు, వాళ్ళందరూ ఒకేలా ఉంటారు.”

“అలా పంచడానికి కుదరదండి” అని కొట్టాయన నసిగాడు.

“కుదరదంటే ఎలా? బియ్యం పంచుతున్నాం, పంచదార పంచుతున్నాం, చుక్కలు పంచలేమా?” అన్నారు పద్మనాభంగారు. దమయంతి అదంతా తు.చ. తప్పకుండా రాసుకుంది.

జోగారావుగారికి మాత్రం జూమ్ ఉన్న కెమెరా మీద మనసు పడింది. దూరంగా ఉన్నదాన్ని అది అమాంతం దగ్గరకి లాక్కొస్తుంది. “మన డాబా మీంచి కాలనీ మొత్తం కనపడుతుందండి. ఎండలో పడి కాలనీకి పోవడం దేనికి? ఇక్కడ కుర్చీ వేసుక్కూర్చుని తీసేయొచ్చు” అన్నారు.

“అనగా క్షేత్రస్థాయి పరిశీలన డాబాస్థాయిలోనే సుసంపన్నమగును” అన్నారు కమిషనర్‌గారు. ఆయనకి ఆలోచన బాగా నచ్చినప్పుడు మాట ఇలా గ్రాంథికంలోకి పోతుంది.

అందరూ డాబా ఎక్కారు. కొట్టాయన జూమ్ పూర్తిగా లాగి ఒక ఫోటో తీసి చూపించాడు. అబ్బ, ఏం కెమెరా అండీ అది! ఊరికి అటు చివర జోగారావుగారు కట్టుకుంటున్న మూడంతస్తుల మేడ కళ్ళకి కట్టినట్టు పడింది. మేడ ముందు మునిసిపల్ లారీ, లారీలోంచి దిగుతున్న సిమెంటు బస్తాలు, ఆఖరికి బస్తాల మీద ‘ప్రభుత్వ పనులకు మాత్రమే’ అన్న అక్షరాలు కూడా పడ్డాయి.

అందరూ జోగారావుగారి వైపు తిరిగారు. తర్వాత జోగారావుగారే గొంతు సవరించుకుని, “ఇంత దూరం చూడటం ప్రజల ఏకాంతానికి భంగం. సాంకేతిక సభ్యుడిగా నేను జూమ్‌ని వ్యతిరేకిస్తున్నాను” అన్నారు. జూమ్ ఏకగ్రీవంగా ఓడిపోయింది. దమయంతికి పొట్టలోంచి తన్నుకొచ్చిన నవ్వుని దగ్గు కింద మార్చుకోవడానికి చాలా కష్టమైంది.

మర్నాడు కెమెరా మీదుండే చక్రం దగ్గర బండి మళ్ళీ ఆగింది. ఆ చక్రం మీద చిన్నచిన్న బొమ్మలున్నాయి. కొండ బొమ్మ దగ్గర తిప్పితే ఆరుబయట ప్రకృతి బాగా పడుతుంది. మనిషి తలకాయ బొమ్మ దగ్గర తిప్పితే మొహాలు బాగా పడతాయి. పరుగెడుతున్న మనిషి బొమ్మ కూడా ఉంది.

“ఇది పారిపోయే లబ్ధిదారులకా?” అని అడిగారు కమిషనర్‌గారు.

“ఆటలకండి” అన్నాడు కొట్టాయన.

పద్మనాభంగారు కుర్చీలో ముందుకి జరిగారు. “ఇక్కడో పెద్ద చిక్కుందండి. ఆరుబయట అంటే పార్కుల పద్దు. కుటుంబమంటే సంక్షేమం పద్దు. కొండ దగ్గర పెట్టి కుటుంబాన్ని తీస్తే పార్కుల డబ్బుతో సంక్షేమం చేసినట్టు. తలకాయ దగ్గర పెట్టి ఆరుబయట తీస్తే సంక్షేమం డబ్బుతో చెట్లని తీసినట్టు. రెండూ నేరమే.”

“కొండకీ తలకాయకీ సరిగ్గా మధ్యన పెడితే?” అన్నారు జోగారావుగారు.

“మధ్యన పెడితే అది పనిచెయ్యదండి” అన్నాడు కొట్టాయన.

“పనిచేయుట అనునది తర్వాతి అంశము. నిబంధనకు లోబడి ఉన్నదా లేదా అనునది ప్రస్తుత అంశము” అన్నారు కమిషనర్‌గారు.

కొట్టాయనకి ఓపిక అయిపోవస్తోంది. “ఎందుకండీ ఇంత బాధ, ఇదుగో ‘ఆటో’ అని ఉంది చూడండి. దీనిమీద పెట్టేస్తే కొండో మనిషో, ఎండో నీడో అంతా అదే చూసుకుంటుంది. మీరేం చెయ్యక్కర్లేదు” అన్నాడు.

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. “అన్నీ అదే చూసుకుంటే మరి మేమెందుకయ్యా?” అన్నారు కమిషనర్‌గారు. ఆ ప్రశ్నకి సమాధానం దమయంతి దగ్గర సిద్ధంగా ఉంది గాని, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

చివరికి సంఘాన్ని ఒడ్డెక్కించింది ఇంకో కెమెరా. దానికి నవ్వు కనిపెట్టే గుణముంది. ఎదురుగా ఉన్నవాళ్ళందరూ నవ్వితేనే క్లిక్కుమంటుంది. ఒక్కరు మొహం ముడుచుకున్నా, చచ్చినా క్లిక్కుమనదు. కమిషనర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“అద్భుతము! ఇకమీదట ప్రజల ఆనందమును యంత్రమే ధ్రువీకరించును. మనం విడిగా సర్టిఫికెట్ ఇవ్వనవసరము లేదు” అన్నారు.

“నవ్వనివాళ్ళ మీద బ్యాటరీ కూడా ఖర్చవదు” అన్నారు పద్మనాభంగారు.

అలా కెమెరా ఎంపికైంది. ఎంపికైనంత మాత్రాన వచ్చేస్తుందా? కొటేషన్లు మూడు రావాలి. వచ్చినవి తెరవడానికి మంచిరోజు కావాలి. తెరిచినవాటిని పైకి పంపాలి. పైనుంచి అవి కిందికి దిగాలి. ఈలోగా నూకరత్నం రోజు విడిచి రోజు ఆఫీసుకి వస్తూనే ఉంది. మొదట్లో నవ్వుతూ వచ్చేది. “ఏవండీ, కెమెరా పుట్టిందాండీ, ఇంకా నొప్పులేనాండీ?” అని వేళాకోళమాడేది. రానురాను వేళాకోళం తగ్గింది. ఒకరోజు కౌంటరు దగ్గరకి రాకుండా వరండా స్తంభానికి ఆనుకుని ఊరికే నిలబడి, ఆకాశం చూసి వెళ్ళిపోయింది. దమయంతికి ఆ రోజు అన్నం సయించలేదు.

*

కెమెరా, తొలకరి ఒకేరోజు దిగాయి.

పెట్టె విప్పి, కూడా వచ్చిన చిన్న పుస్తకాన్ని కమిషనర్‌గారు స్వయంగా బిగ్గరగా చదివారు. తేమ తగలకూడదు. దుమ్ము పడకూడదు. నేరుగా ఎండలో ఉంచకూడదు. వానలో బయటికి తియ్యకూడదు.

“ఆరుబయట కోసం కొన్న కెమెరాకి ఆరుబయట పడదన్నమాట” అంది దమయంతి. ఈసారి పైకే అనేసింది. ఎవరూ వినిపించుకోలేదు, ఎందుకంటే ఆ క్షణంలోనే కమిషనర్‌గారి గది కప్పులోంచి ఒక చుక్క టప్పుమని సరిగ్గా కెమెరా పక్కన పడింది.

ఆఫీసంతా గగ్గోలు. రికార్డు రూములో బక్కెట్లు, హాల్లో బేసిన్లు, పద్మనాభంగారి బల్లమీద గొడుగు. ఇక్కడ కెమెరా ఉంచే వీల్లేదు. పొడిగా ఉండే ప్రభుత్వ భవనం ఎక్కడైనా ఉందేమో చూసి రమ్మని జోగారావుగారిని జీపులో పంపారు. లైబ్రరీ కారుతోంది. ఆసుపత్రి కారుతోంది. పోయినేడే రిబ్బన్ కత్తిరించిన టౌన్‌హాలు అన్నిటికన్నా ధారాళంగా కారుతోంది. అన్నీ జోగారావుగారి పర్యవేక్షణలో కట్టినవే.

సాయంత్రానికి ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, “మునిసిపాలిటీ తాళం కింద ఉన్నవాటిలో చుక్క కారని భవనం ఒక్కటే ఉందండి. కాలనీలో లోవరాజు ఇల్లు” అన్నారు.

“అది మాత్రం ఎందుకు కారట్లేదు?” అన్నారు కమిషనర్‌గారు.

జోగారావుగారు నేల చూపులు చూస్తూ, “అది మనం కట్టించింది కాదండి. వాడే కట్టుకున్నాడు” అన్నారు.

దమయంతి ముందుకొచ్చింది. “అయ్యా, ఆ కుటుంబం బయట బరకం కింద ఉందండీ! ఫోటో పడగానే వాళ్ళకి ఇవ్వాల్సిన ఇల్లండీ అది!”

“ఫోటో పడవలెనన్న కెమెరా బతికి ఉండవలెను గదా, దమయంతిగారూ?” అన్నారు కమిషనర్‌గారు, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు. “తాత్కాలికమే.”

మర్నాడు మంచి ముహూర్తం చూసి కెమెరాగారి గృహప్రవేశం జరిగింది. కొత్త ఇంట్లోకి పోతూ ఉత్తినే ఎలా పోతారు? గుమ్మానికి మామిడాకులు కట్టారు. మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించి, పసుపూ కుంకుమా పెట్టారు. పురోహితుడు గోత్రం అడిగితే పద్మనాభంగారు బిల్లు తీసి చూశారు, అందులో లేదు. గుమ్మం దగ్గరకొచ్చాక ఇంకో గొడవ. కుడికాలు ముందు పెట్టాలి. మూడుకాళ్ళలో కుడికాలు ఏది? కెమెరా మొహం లోపలికి ఉన్నప్పుడు కుడివైపుదా, మనవైపు తిరిగినప్పుడు కుడివైపుదా? సంఘం గుమ్మంలోనే అత్యవసరంగా సమావేశమై, మూడుకాళ్ళూ ఒక్కసారే లోపల పెట్టాలని తీర్మానించింది. జోగారావుగారు ఒక కాలు, పద్మనాభంగారు ఒక కాలు, కమిషనర్‌గారు ఒక కాలు పట్టుకుని, గుమ్మంలో ఇరుక్కుని, ఎలాగో లోపల పడ్డారు.

పాలు పొంగించడానికి దగ్గర్లో స్టవ్ ఎవరి దగ్గరుంది? నూకరత్నం దగ్గరే ఉంది. పునుగులు వేసే స్టవ్. దాన్ని బరకం కిందనుంచి తెప్పించి, ఆవిడ కలలుగన్న వంటింట్లో, ఆవిడ స్టవ్ మీద, కెమెరా పేరున పాలు పొంగించారు.

నూకరత్నం వానలో గోనెపట్టా నెత్తిన వేసుకుని అంతా చూసింది. దమయంతి ఆవిడ పక్కకి పోయి నిలబడింది గాని మొహం ఎత్తి చూడలేకపోయింది.

“మీదేం తప్పులేదు లెండి” అంది నూకరత్నం. “వానలు పడగానే తాళాలు ఇచ్చేశారు కదండీ. నాక్కాదు, అంతే.”

దమయంతికి ఏడుపొచ్చింది. సిగ్గుతో, కోపంతో ఒళ్ళంతా మండిపోయింది. వాన పడుతోంది కాబట్టి సరిపోయింది, ఎవరికీ తెలియలేదు.

*

ఫోటో తియ్యడానికి సంఘం మళ్ళీ వచ్చింది. వాన వదలడం లేదు. కెమెరా వానలో బయటికి రాకూడదు. కుటుంబం ఇంట్లోకి రాకూడదు, ఎందుకంటే అది ఆరుబయట ఫోటో. పైగా తడికాళ్ళతో వస్తే లోపల తేమ. అందుకని కెమెరా లోపల కిటికీ దగ్గర పొడిగా నిలబడింది. కుటుంబం కిటికీ ఎదురుగా వానలో వరసగా నిలబడింది. ఇంటి ఎదుట అన్న షరతు కూడా ఆ విధంగా నెరవేరింది.

జోగారావుగారు మీట నొక్కారు. క్లిక్కుమనలేదు.

“వీళ్ళు నవ్వట్లేదండి” అన్నారు.

“లబ్ధిదారులు సహకరించవలెను!” అని కిటికీలోంచి అరిచారు కమిషనర్‌గారు. “ఆనందించండి!”

లోవరాజు పళ్ళు బయటపెట్టాడు. కెమెరా ఒప్పుకోలేదు. ఆడపిల్లలిద్దరూ ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని నవ్వబోయారు, చలికి దవడలు వణికాయి. సోలమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుని దగ్గుతోంది.

“నవ్వుతామండి, మాకేం రోగం!” అంది నూకరత్నం. “నవ్వొచ్చే మాట ఒక్కటి చెప్పండి, నవ్వేత్తాం.”

కమిషనర్‌గారు ఆలోచించారు. ఆయనకి ఎంత ఆలోచించినా హాస్యం తట్టలేదు. అందుకని, నిజంగానే శుభవార్త చెబుతున్నాననుకుని, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, “అమ్మా, ఈ ఇల్లు మీదే!” అన్నారు.

ముందు సోలమ్మ నవ్వింది. నోట్లోంచి కొంగు జారిపోయింది. ఆ పిల్లికూతల మధ్యలోంచే పగలబడి నవ్వింది. అత్తని చూసి నూకరత్నం, తల్లిని చూసి పిల్లలు, వీళ్ళందర్నీ చూసి లోవరాజు. పొట్టలు పట్టుకుని, ఒకళ్ళమీద ఒకళ్ళు పడి, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. కెమెరా క్లిక్కుమంది.

ఆ ఫోటో పైకి వెళ్ళిన వేగంతోనే జవాబొచ్చింది. “ఇంతటి ఆనందము మరి ఏ పట్టణము నుండియు రాలేదు. ఆమోదించడమైనది. తాళములు అప్పగించవలెను.”

దమయంతి ఆ ఉత్తర్వు పట్టుకుని పరుగున కమిషనర్‌గారి గదికి పోయింది. పద్మనాభంగారు అక్కడే ఉన్నారు. “అప్పగించాలి, నిజమే. కాని ఇల్లు ఇప్పుడు కెమెరా స్వాధీనంలో ఉంది. ప్రభుత్వ ఆస్తిని రోడ్డుమీద పడెయ్యలేం కదా. కెమెరాకి సొంత భవనం కట్టాక దాన్ని ఖాళీ చేయించి ఇస్తాం” అన్నారు.

“ప్లాను గీస్తున్నాను” అన్నారు జోగారావుగారు ఉత్సాహంగా.

ఆయన కట్టే భవనంలో కెమెరా ఎన్నాళ్ళు పొడిగా ఉంటుందో ఊహించుకుంటే, నూకరత్నానికి ఈ జన్మలో ఇల్లు రాదని దమయంతికి తేలిపోయింది. ఆ వారంలోనే సోలమ్మని ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు, “తడి తగలకుండా చూడండి” అని చెప్పి, కారుతున్న వార్డులోంచి కారుతున్న బరకం కిందికి పంపేశాడు.

దమయంతి ఇక ఊరుకోలేదు. వీళ్ళకి మనుషుల బాధ చెప్పి లాభంలేదని అర్థమైంది. కెమెరా బాధే చెప్పాలి. తాళం తీయించి, ఇంట్లోకి పోయి కెమెరాని వెలుతురులో తిప్పి చూసింది. అద్దం మీద తెల్లగా బూజు మొదలైంది. ఆవిడ జీవితంలో బూజుని చూసి అంత సంతోషపడటం అదే మొదలు.

“అయ్యో, అయ్యో!” అంటూ కమిషనర్‌గారి గదిలోకి వచ్చింది. “కెమెరాకి ప్రాణం మీదికొచ్చిందండీ!”

ముగ్గురూ పాలిపోయారు.

“ఎంత మంచి ఇల్లయినా వానాకాలంలో మూసిపెడితే చెమ్మ పడుతుందండి. పుస్తకంలో రాసేవుంది, మూలన పడెయ్యకుండా వాడుతూ ఉండాలని. ఇంట్లో పొయ్యి వెలగాలి. పొద్దున్నే కిటికీలు తియ్యాలి, జల్లొస్తే వెయ్యాలి. నలుగురు మనుషులు తిరగాలి. దాని ఎదురుగా రోజూ ఎవరో ఒకరు నవ్వకపోతే నవ్వు కనిపెట్టే గుణం మొద్దుబారిపోతుందేమోనండి. అసలు కుటుంబ కెమెరా అని కొని, దానికి కుటుంబ వాతావరణం లేకుండా చేశామండి మనం.”

ఈ చివరి మాట కమిషనర్‌గారి మనసుకి తగిలింది. “నిజము. మహాపరాధము. తక్షణమే కెమెరాకు ఒక కుటుంబమును సమకూర్చవలెను” అన్నారు.

“ఎలాంటి కుటుంబం?” అన్నారు పద్మనాభంగారు. “ఊరికే ఎవర్నిపడితే వాళ్ళని పెట్టలేం. ప్రమాణాలుండాలి.”

అప్పటికప్పుడు ‘కుటుంబ ఎంపిక సంఘం’ ఏర్పడింది. సభ్యులు వాళ్ళే. కెమెరా కోసం రాసిన ప్రమాణాలు చేతిలో ఉన్నాయి గనుక అవే వాడారు. నీటికి తట్టుకోవాలి. దుమ్ముకి తట్టుకోవాలి. ఆరుబయట ఎక్కువ కాలం ఉంచినా చెడిపోకూడదు. నిర్వహణ ఖర్చు ఉండకూడదు. నవ్వు పరీక్షలో నెగ్గి ఉండాలి.

“ఇవన్నీ ఉన్న కుటుంబం ఒకటుందండి” అంది దమయంతి, ఏమీ ఎరగనట్టు. “అక్కడే బయటుంది. రవాణా ఖర్చు కూడా ఉండదు.”

“కొటేషన్లు మూడుండాలి కదా?” అన్నారు పద్మనాభంగారు.

“ఇంకే కుటుంబమూ కొటేషన్ ఇవ్వలేదండి.”

ఆయన చాలాసేపు ఆలోచించి తల ఊపారు. ఉత్తర్వు టైపయింది. కెమెరా సంరక్షణార్థం లోవరాజు కుటుంబం సదరు భవనంలో కెమెరాతోపాటు నివసించవచ్చు. కెమెరాకి ముందుగది, కుటుంబానికి మిగిలినది. రోజూ ఉదయం కుటుంబమంతా కెమెరా ఎదుట నవ్వవలెను. తేమ కారణంగా ఇంట్లో ఎవరూ ఏడవరాదు.

దమయంతి తాళాలు కొంగున ముడివేసుకుని వానలోనే కాలనీకి నడిచిపోయింది. ఉత్తర్వు చదివి వినిపిస్తే నూకరత్నం ముందు నమ్మలేదు. తర్వాత తిట్టింది. కమిషనర్ని, సర్క్యులర్‌ని, కెమెరా కనిపెట్టినవాణ్ణి వరసపెట్టి తిట్టింది. తిట్టడం అయ్యాక తాళాలు తీసుకుంది. లోవరాజు తల్లిని రెండు చేతులమీదా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. సోలమ్మ పొడినేల మీద చాపలో పడుకుని, అరిచేత్తో గచ్చుని అటూ ఇటూ రాసి, “పొడిగా ఉందిరా” అంది కొడుకుతో. దమయంతి ఉత్తర్వులో నిబంధన ఉందని తెలిసి కూడా ఆ ఇంట్లో నిలబడి ఏడ్చింది.

*

వానలు వెనకపట్టాక రాజధాని నుంచి తనిఖీ అధికారి ఒకాయన వచ్చాడు. అంత ఆనందం పండిన ఇల్లు కళ్ళారా చూడాలని ఆయన కోరిక. కమిషనర్‌గారూ, మిగతావాళ్ళూ వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. గుమ్మం పక్కన గోడమీద ‘కెమెరా భవనము’ అని పెద్దక్షరాలతో రాసుంది. ముందుగదిలో కెమెరా ఫ్యాను కింద దర్జాగా నిలబడి ఉంది. లోపలి గదిలో ఐదుగురూ సర్దుకున్నారు. సోలమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఆయాసం తగ్గింది, నోరు పెరిగింది.

“ఇల్లు ఎవరి పేరున ఉందమ్మా?” అని అడిగాడు ఆ అధికారి.

“కెమెరాగారిదండి. మేం దాని తాలూకండి” అంది నూకరత్నం, తడుముకోకుండా.

ఆయన రికార్డు చూశాడు. అలాగే ఉంది. కమిషనర్‌గారి మొహంలో గర్వం తొణికిసలాడింది. దమయంతి తలుపు చాటుకి జరిగింది.

“బాగా చూసుకుంటున్నారా దాన్ని?”

“అయ్యబాబోయ్, అదేం మాటండీ! పొద్దున్నే దాని మొహం తుడిచి గాని మేం మొహం కడుక్కోమండి. ఆదివారం ఆదివారం ఎండుమిరపకాయలతో దిష్టి తీత్తన్నామండి. మా అత్తగారైతే దాని పేరు మీద అమ్మవారికి మొక్కింది కూడానండి.”

అధికారి ముచ్చటపడిపోయాడు. ప్రజలకి ప్రభుత్వ ఆస్తి మీద ఇంత మమకారం ఉండటం ఆయన ఎక్కడా చూడలేదు. “ఏమని మొక్కిందమ్మా?” అన్నాడు.

“అది సల్లగా నూరేళ్ళు బతకాలనండి” అంది నూకరత్నం. “దానికేదన్నా అయితే, మళ్ళీ మేం ఆరుబయటే కదండీ.”